పేరు చెప్పని అభ్యంతరం

మా ఊరి చెరువులో హంసలుంటాయని ఆ రంగుల కాగితం చూసేదాకా నాకు తెలీదు. నీలం నీళ్లు, నీళ్లలో రెండు తెల్ల హంసలు, ఒడ్డున ఎర్ర కప్పుల ఇళ్లు, ఇళ్ల ముందు సైకిళ్లు తొక్కుతున్న పిల్లలు. కింద పెద్ద అక్షరాల్లో మా ఊరి పేరు. కాశీబుగ్గ బస్టాండులో ఎవరో పంచుతుంటే తీసుకున్నాను. మా చెరువులో ఉండేవి గేదెలు, తామరాకులు, తూటికాడ. హంసల మాట దేవుడెరుగు, బాతులు కూడా లేవు. బస్సులో కూర్చుని కాగితాన్ని ఎటు తిప్పి చూసినా, ఇది నేను పుట్టి పెరిగిన చోటేనా, లేక ఆ పేరుతో ఇంకో ఊరేదైనా ఉందా అని తికమక పడ్డాను.

చెట్లు మాత్రం అబద్ధం కాదు. మా ఉద్దానం ప్రాంతంలో తోట లేని ఊరుండదు గానీ, మా చెరువు గట్టు పొడుగునా ఉన్నంత చిక్కటి తోట ఆ చుట్టుపక్కల లేదు. జీడిమామిడి, పనస, కొబ్బరి, వాటి మధ్య మొగలి పొదలు. మండు వేసవిలో మధ్యాహ్నం పూట కూడా చెప్పుల్లేకుండా నడవొచ్చు. ఆ తోట కొట్టి ఇళ్ల స్థలాలు వేస్తారట. సముద్రం ఒడ్డున పోర్టు వస్తుందట, పోర్టు వస్తే ఆఫీసర్లు వస్తారట, ఆఫీసర్లకి చెరువు పక్కన ఇళ్లు కావాలట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇది రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు జరిగిన మాట. అప్పట్లో మా వైపు ఏ అరుగు మీద చూసినా ఒకటే ముచ్చట, లేఅవుటు, లేఅవుటు. దాని అర్థం ఏమిటని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పేవాళ్లు.

మా మడి ఆ తోటకు దిగువన ఉండేది. నాన్న పోయాక అమ్మకు మిగిలింది అదొక్కటే. చెరువు గట్టుకు నీళ్లు వదిలే తూము ఉంటుంది కదా, దాన్ని మేం మదుం అంటాం. మదుంలోంచి వచ్చిన నీళ్లు సన్నటి కాలువగా తోట మధ్యలోంచి పారి మా మడిలోకి దిగేవి. మా తాతల నాటి కాలువ. ఏ పటంలోనూ దాని గీత లేదు. ఏటా వానలకు ముందు అమ్మ పార పట్టుకుని వెళ్లి, ఆకులూ అలములూ లాగేసి పూడిక తీసి వచ్చేది. ఆ వేసవిలో కూడా అలాగే వెళ్లింది. వెళ్లినంత వేగంగానూ వెనక్కి వచ్చేసింది.

"కాలవ నేదే," అంది గుమ్మంలో నిలబడి.

"లేకపోవడమేంటి?"

"నేదు. ఎర్ర గరుసు మన్ను పోసీసి సదును సేసీసినారు. పసుపు రాళ్లు పాతీసినారు. నాను తోవ తప్పిపోనానేటో అనుకున్నాను."

నేనూ వెళ్లి చూశాను. నిజంగానే తోవ తప్పినట్టుంది. చిన్నప్పుడు కాగితం పడవలు వదిలిన చోట ట్రాక్టరు చక్రాల గుర్తులున్నాయి. పసుపు రాయి మీద నల్లరంగుతో ఏదో అంకె రాసి ఉంది. కాలువ లేకపోతే మడికి నీళ్లు రావు, నీళ్లు రాకపోతే వరి లేదు. నేను కాశీబుగ్గలో ఒక చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఆ జీతంతో ఇద్దరం బతకాలంటే, ఒకరం భోంచేస్తుంటే ఇంకొకరం చూస్తూ కూర్చోవాలి. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంకా చూస్తావేం? వెళ్లి అడుగు," అన్నాను అమ్మతో.

"ఎవుల్నడగాల?" అంది.

చిక్కంతా అక్కడే ఉంది. ఆ తోట మా అమ్మ నేస్తానిది.

ఈ నేస్తరికం సంగతి బయటివాళ్లకు చెప్పడం కష్టం. మా శ్రీకాకుళం వైపు ఇద్దరు ఆడవాళ్లో ఇద్దరు మగవాళ్లో మనసు కలిస్తే నేస్తం కట్టుకుంటారు. దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టి, పూలూ తాంబూలాలూ మార్చుకుంటారు. ఇక ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు నోటితో పలకకూడదు, చెవిని పడినా విననట్టే ఉండాలి. ఎదురుపడ్డా నేస్తమే, చాటున తలుచుకున్నా నేస్తమే. పండక్కి వాళ్లింటి పిండివంట వీళ్లింటికి రావాలి. వీళ్ల పిల్లలకు వాళ్లు తల్లితో సమానం. మా అమ్మా ఆమే ఇంకా పెళ్లి కాని పిల్లలుగా ఉన్నప్పుడు, ఒక కార్తీక సోమవారం రావివలస ఎండల మల్లన్న దగ్గర నేస్తం కట్టుకున్నారు. తర్వాత ఇద్దరూ అదృష్టం కొద్దీ ఒకే ఊరికి కోడళ్లుగా వచ్చారు. నేను ఆమెను నేస్తమ్మ అనేదాన్ని. అమ్మకు జ్వరమొస్తే నాకు జడ వేసి బడికి పంపింది ఆమే. నాకు ఇంగువ వాసన పడదని మా అమ్మ మరిచిపోతుందేమో గానీ ఆమె మరిచిపోదు.

ఆమె మొగుడు పోయాక తోట ఆమె పేరు మీదికి వచ్చింది. ఇద్దరు కొడుకులు. పెద్దాడికి పలాసలో సొంతంగా జీడిపిక్కల బట్టీ పెట్టాలని కోరిక. లేఅవుటు వేసే కంపెనీ వాళ్లు వచ్చి తోటకు బేరం పెట్టగానే ఎగిరి గంతేశాడు. అగ్రిమెంటు మీద ఎక్కడ వేలిముద్ర వేయమంటే ఆమె అక్కడ వేసింది. కాలువ పూడ్చేటప్పుడు ఆమె ఏమందో, అసలు ఆమెతో చెప్పే పూడ్చారో లేదో మాకు తెలీదు. ఆ రోజు నుంచి ఆమె మా ఇంటి వైపు రావడం మానేసింది.

"నేస్తాన్నే అడుగు. నీ మడికి నీళ్లు ఎలా వస్తాయని అడుగు. అందులో తప్పేముంది?"

"అడిగితే నేస్తమెలాగవుద్ది? అన్నదమ్ములు ఒకల్నొకలు అడుగుతారు, మొగుడూ పెళ్లాం అడుగుతారు. మాం అడగం."

"అయితే మడి ఎండబెట్టుకుంటావా? చెరువు మీద అలిగి కడుక్కోవడం మానేసినట్టుంది నీ వరస!"

"నీకు సదువొచ్చింది గానీ ఇది రానేదు, ఆ మాట ఒగ్గీ," అంది అమ్మ. చేట తీసుకుని బియ్యం చెరగడం మొదలెట్టింది. ఆ చేట లాక్కుని పెరట్లోకి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

ఇంతలో ఊళ్లో చాటింపు వేశారు. లేఅవుటు మీద గ్రామసభ పెడతారు, టెక్కలి నుంచి విచారణకు ఆఫీసరు వస్తాడు, ఎవరికైనా అభ్యంతరాలుంటే ఆ రోజు చెప్పుకోవచ్చు అని. నేను అమ్మ వెంట పడ్డాను. నేస్తం మీద చెప్పొద్దు, కంపెనీ మీదే చెప్పు అన్నాను.

"కంపినీ మీదేనా?"

"కంపెనీ మీదే."

"కంపినీ నాకు నేస్తం కాదు కదా. అలాగైతే సెప్తాను," అంది.

సభ బడి ఆవరణలో పెట్టారు. షామియానా, కుర్చీలు, గోడకు తగిలించిన పెద్ద పటం. పటంలో చెరువు నీలంగా, తోట ఉన్న చోటంతా గడులు గడులుగా ఉంది. జనం పటం దగ్గరకు వెళ్లి వేళ్లు పెట్టి చూస్తున్నారు గానీ, ఎటు తూర్పో ఎటు పడమరో ఎవరికీ అంతు చిక్కలేదు. ఒక ముసలాయన చెరువు మీద వేలు పెట్టి ఇది మా ఇల్లు కదా అన్నాడు. ప్రెసిడెంటు మైకు పట్టుకుని పంచాయతీకి ఆదాయం వస్తుందన్నాడు. మరి చెట్లు ఎవరికి పోతాయని ఒకాయన అడిగాడు. కాపలా ఉద్యోగం మా వాడికిస్తారా అని ఇంకొకాయన. లోపల గుడి కడతారా, కడితే ఏ దేవుడికి అని ఒకావిడ. వీటిలో ఏది అభ్యంతరమో ఏది కోరికో తేల్చుకోలేక కాబోలు, ఆఫీసరు కలం మూత పెట్టి తియ్యడం, తీసి పెట్టడం చేస్తున్నాడు. కొత్తగా వచ్చినాయన. మా జిల్లా మనిషి కాదని మాటను బట్టి తెలుస్తోంది. మంచివాడిలాగే ఉన్నాడు, ఎవరు లేచినా చివరిదాకా వింటున్నాడు.

నేస్తమ్మ రాలేదు. ఆమె కొడుకులు వచ్చారు. కంపెనీ మనుషుల పక్కన, తెల్లచొక్కాలు వేసుకుని మోటారుసైకిళ్లకు ఆనుకుని నిలబడ్డారు.

అమ్మ వంతు వచ్చింది. లేచి నిలబడి, తోటలో కాలువ ఉండేదని, అది పూడ్చేశారని, తన మడికి నీళ్లు రావని గడగడా చెప్పేసింది. బాగా చెప్పింది. నాకు గర్వంగా కూడా అనిపించింది. అప్పుడు కంపెనీ మనిషి లేచాడు.

"అక్కడ కాలువ లేదండి. మేం వచ్చేసరికే నేల చదునుగా ఉంది. స్థలం వాళ్లు ఎలా ఇచ్చారో అలాగే తీసుకున్నాం."

ఆఫీసరు అమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, కాలువ పూడ్చింది కంపెనీ కాదంటున్నారు. మరి ఎవరు పూడ్చారు?"

అమ్మ తల వంచుకుంది.

"తోట ఎవరిదమ్మా?"

అమ్మ నా వైపు చూసింది.

"కాగితాల్లో పేరు ఉందనుకోండి. అభ్యంతరం చెప్పేది మీరు కాబట్టి మీ నోటితో చెప్పాలి. ఫలానావాళ్ల తోటలో ఫలానా కాలువ ఉండేది అనండి, రాసుకుంటాను. పేరు చెప్పండి."

"ఆ పేరు నాను సెప్పకూడదు బాబూ," అంది అమ్మ మెల్లగా.

"ఎందుకు చెప్పకూడదు? ఎవరు చెప్పొద్దన్నారు?"

"ఎవులూ అననేదు. సెప్పకూడదు. అంతే."

జనంలో నవ్వు మొదలైంది. వెనక నుంచి మా వరసకు మావయ్య ఒకాయన, "ఆవిడెలా సెప్తాది బాబూ, సత్తే సెప్పదు!" అని కేకేశాడు. దాంతో అందరూ గొల్లుమన్నారు. ఊరివాళ్లకది వేళాకోళం. ఆఫీసరు మొహం మాత్రం మారిపోయింది. తల వంచుకుని నిలబడ్డ అమ్మను చూశాడు, మోటారుసైకిళ్ల దగ్గరున్న తెల్లచొక్కాలను చూశాడు. మళ్లీ అమ్మను చూశాడు.

నేను లేచాను. "సార్, అది మా వైపు ఆచారం సార్, వాళ్లిద్దరూ..."

"మీరు కూర్చోండమ్మా. ఆవిణ్ని మాట్లాడనివ్వండి," అన్నాడు. తర్వాత అమ్మతో ఎంతో మెత్తగా, "భయపడకండి. నాకు అర్థమైంది," అన్నాడు.

ఏం అర్థమైందో మాకెవరికీ అర్థం కాలేదు.

కొద్ది రోజుల్లోనే తెలిసింది. ఒక పొద్దున పంచాయతీ సెక్రటరీ సైకిలు మీద మా ఇంటికి వచ్చి నవ్వాలో ఏడవాలో తెలీని మొహంతో నిలబడ్డాడు. లేఅవుటు పనులు ఆపేయమన్నారట. కాలువలో పోసిన గరుసు తీయించమన్నారట. ఎందుకంటే, అభ్యంతరం చెప్పినావిడను స్థలం వాళ్లు బెదిరించారట, ఆవిడ ప్రాణభయంతో పేరు కూడా చెప్పలేకపోయిందట. దాని మీద విచారణ ఉందట. నేస్తమ్మ టెక్కలి వచ్చి సంజాయిషీ ఇచ్చుకోవాలట.

నాకు మొదట నవ్వొచ్చింది. పడీ పడీ నవ్వాను. మడి దక్కింది, ఇంకేం కావాలి? ఎలా దక్కితే ఏం! అన్యాయంగా పూడ్చిన కాలువ ఇంకో పొరపాటుతో తెరుచుకుంది, చెల్లుకు చెల్లు అనుకున్నాను. అమ్మ మాత్రం పొయ్యి దగ్గర చతికిలబడిపోయింది.

"నన్ను నేస్తం బెదిరించిందని రాసీసినారా?"

"నువ్వు అనలేదు కదా. వాళ్లే అనుకున్నారు."

"నాను సెప్పకపోబట్టే కదేటి అనుకున్నారు! ఓలమ్మో, నా నోట పేరు రాకూడదని నాను మూసుకుంటే, దాని మీదికి పోలీసులొత్తారేటే?"

"పోలీసులెవరూ రారు. రెండు ముక్కలు అడిగి పంపేస్తారు."

"నాను టెక్కలెల్తాను. నన్నెవులూ బెదిరించనేదని సెప్తాను."

నాకు మళ్లీ ఒళ్లు మండింది. "చెప్పు! చెప్పు! బెదిరించలేదని తేలిన మరుక్షణం లేఅవుటు మొదలవుతుంది. గరుసు తెచ్చి కాలువలో పోస్తారు. ఇక మడిలో వరి బదులు పసుపు రాళ్లు కోసుకుందువు గాని!"

ఆ రాత్రి అమ్మ గంజి కూడా తాగలేదు. ఆమె బాధ చూస్తే నా కోపం ఎవరి మీద చూపించాలో తెలీలేదు. చెప్తే మడి పోతుంది, చెప్పకపోతే నేస్తం పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇంత చదువుకున్నదాన్ని, బళ్లో పిల్లలకు ఏది ఒప్పో ఏది తప్పో రోజూ చెప్పేదాన్ని, మా ఇంట్లో ఏది ఒప్పో నాకే పాలుపోలేదు. చివరికి, పోనీ నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి అన్నాను.

విచారణ రోజున బడికి సెలవు పెట్టి అమ్మను తీసుకుని బయల్దేరాను. కాశీబుగ్గలో టెక్కలి బస్సు ఎక్కి చూస్తే, కిటికీ పక్కన నేస్తమ్మ కూర్చుని ఉంది. పక్కన పెద్ద కొడుకు. ఇక్కడే, ఈ బస్సులోనే రభస అవుతుందనుకున్నాను.

నేస్తమ్మ కొడుకు మోచేతి మీద పొడిచింది. "లెగు. నేస్తం కూకుంతాది."

వాడు లేచి వెనక్కి పోయాడు. అమ్మ వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. నేను వాళ్ల వెనక సీట్లో కూర్చుని చెవులు రిక్కించాను. ఇక చూడండి, టెక్కలి దాకా ఒకటే కబుర్లు. మోకాళ్ల నొప్పికి వావిలాకు కట్టు కట్టావా లేదా, మీ వంకాయలకు పురుగు పట్టిందట కదా, ఈయేడు పనసకాయ నీరు పట్టిపోనాది, కోటబొమ్మాళి సంతలో మేకపిల్లలు మండిపోతున్నాయట. కాలువ మాట లేదు. లేఅవుటు మాట లేదు. ఏ పని మీద వెళ్తున్నామో ఆ మాటే లేదు. ఎవరి మీద ఎవరు కేసు పెట్టారో చెప్పమంటే ఆ బస్సులో ఒక్కరూ చెప్పలేకపోయేవారు. నాకే అనుమానం వచ్చింది, వీళ్లు నిజంగా విచారణకేనా వెళ్తున్నది, లేక ఏదైనా పెళ్లికా అని.

ఆఫీసులో వరండా మీద కాసేపు కూర్చోబెట్టి లోపలికి పిలిచారు. అదే ఆఫీసరు. బల్ల మీద ఫైలు. కంపెనీ మనిషి అప్పటికే ఒక మూల ఉన్నాడు. ఆఫీసరు అమ్మా నేస్తమ్మా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గుమ్మం దాటడం చూసి కళ్లు చిట్లించాడు. మోకాళ్ల నొప్పి మరి, నేస్తమ్మకు గడప దాటడం కష్టం.

అమ్మ కూర్చోకుండానే మొదలెట్టింది. "బాబూ, నన్నెవులూ బెదిరించనేదు. తవరు పొరపాటు పడ్డారు. ఆ కాగితం కొట్టీయండి."

"ఎవరూ బెదిరించలేదా?"

"నేదు బాబూ. మల్లన్న మీద ఒట్టు."

కంపెనీ మనిషి మొహం వెలిగిపోయింది. నేస్తమ్మ కొడుకు ఊపిరి వదలడం నాకు వినిపించింది. అయిపోయింది, మడి పోయింది అనుకున్నాను. నాకు ఏడుపొచ్చేసింది.

ఆఫీసరు ఫైలు ముందుకు లాక్కున్నాడు. "సరే. బెదిరించలేదని రాస్తాను. మరి కాలువ మాటేమిటి? ఉండేదా, లేదా? అది కూడా పొరపాటేనా?"

"కాలవుండేది బాబూ. అది అబద్దం కాదు."

"అయితే ఇప్పుడు భయం లేదు కదా. ఎవరి తోటలో ఉండేది? పేరు చెప్పండి."

మళ్లీ మొదటికే వచ్చింది. అమ్మ నోరు తెరిచింది, మూసింది. మా మడి మొత్తం ఒక్క మాట మీద ఆగి ఉంది, ఆ మాట అమ్మ అనదని నాకు తెలుసు. అనమ్మా, ఒక్కసారి అనేస్తే ఏమవుతుందమ్మా అని నా లోపల నేనే అరుస్తున్నాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చూడమ్మా," అన్నాడు ఆఫీసరు, ఈసారి విసుగ్గా. "పేరు చెప్పకపోతే అభ్యంతరం లేనట్టే రాసుకోవాలి. మీరు ఇంత దూరం వచ్చి..."

"దాన్ని నిలదీయకండి బాబూ." నేస్తమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేస్తోంది. "అది సెప్పనేదు. సచ్చినా సెప్పదు. నాను దాని నేస్తాన్ని. అది సెప్పకూడని పేరు నాదే."

"అమ్మా, కూర్చో," అన్నాడు కొడుకు వెనక నుంచి.

"నువ్వూరుకో." ఆమె వెనక్కి కూడా తిరగలేదు. "రాసుకోండి బాబూ. ఆ తోట నాదే. కాలవ ఆ తోటలోంచే ఎల్తాది. నాను కాపరానికొచ్చిన కాడ్నించీ ఎల్తాది, మా అత్త నాడూ ఎల్లింది. గరుసు పోయించింది నా కొడుకులు. నాను సూసి కూడా ఊరుకున్నాను. అదొచ్చి నన్నడుగుద్దేటో అని నాలుగు దినాలు గుమ్మంలో కూకున్నాను. అది అడగదని నాకు తెల్సు, అయినా కూకున్నాను. నాకై నాను దాని గడప తొక్కనేకపోనాను."

కంపెనీ మనిషి ఏదో అనబోతే ఆఫీసరు చెయ్యెత్తాడు.

"మీ పేరు?" అన్నాడు.

ఆమె చెప్పింది. ఇంటిపేరుతో సహా, బడిలో హాజరు పలికినట్టు గట్టిగా చెప్పింది. అమ్మ రెండు చెవులూ మూసుకుంది.

ఆఫీసరు రాయడం ఆపి, చెవులు మూసుకున్న అమ్మను చూశాడు. పేరు చెప్పినామెను చూశాడు. అప్పుడు నా వైపు తిరిగి, "మొన్న సభలో మీరు ఏదో చెప్పబోయారు కదూ," అన్నాడు. అవును సార్ అన్నాను.

ఆ తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే అది నాకు ఇప్పటికీ సరిగా అర్థం కాలేదు. కాలువ అలాగే ఉండాలని తీర్మానం అయిందన్నారు. కాలువ ఉంటే పటం మార్చాలన్నారు. పటం మారిస్తే గడులు తగ్గుతాయని కంపెనీ పేచీ పెట్టింది. పటం ఎక్కడికో పై ఆఫీసుకు పోయిందని ఒకరు, తిరిగి వచ్చిందని ఒకరు, అసలు పోనే లేదని సెక్రటరీ. కంపెనీ వాళ్లు ఈసారి ఇంకో చెరువు దగ్గర హంసల కాగితాలు పంచుతున్నారని విన్నాను. తోటలో సగం చెట్లు అప్పటికే కొట్టేశారు, మిగతా సగం మిగిలాయి. ఏ కాగితం ఆపిందో, ఏ మాట ఆపిందో, లేక పోర్టు రాకపోవడమే ఆపిందో ఎవరూ తేల్చి చెప్పలేదు. పసుపు రాళ్లు చాలా ఏళ్లు ఉండేవి, మేకలు వాటికి ఒళ్లు రుద్దుకునేవి. పెద్దాడి జీడి బట్టీ మాత్రం ఆగిపోయింది. వాడు తల్లితో మాట్లాడ్డం మానేశాడు. ఒకే ఇంట్లో ఉంటూ, అన్నం పెట్టమని కూడా పెళ్లాం చేత అడిగించేవాడు. ఆ మౌనం ఎన్నాళ్లు నడిచిందో నేను లెక్కపెట్టలేదు గానీ, చాలా కాలమే నడిచింది. ఆ వానల్లో మా మడిలోకి నీళ్లు దిగాయి. అమ్మ గట్టు మీద నిలబడి, వచ్చినాయి అంది, సంతోషం లేని గొంతుతో. పంట వచ్చాక కొత్తబియ్యంలో మొదటి కుంచెడు నేస్తమ్మ ఇంటికి నా చేతే పంపింది. నేను వెళ్లేసరికి పెద్దాడు గుమ్మంలో ఉన్నాడు. నన్ను చూసి పక్కకు తప్పుకున్నాడు గానీ పలకరించలేదు. వాణ్ని తప్పుపట్టాలనిపించలేదు.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ రోజు తిరిగొచ్చిన బస్సే. కొడుకు మాతో రాలేదు, విసురుగా వేరే బస్సు ఎక్కి వెళ్లిపోయాడు. వాళ్లిద్దరూ మళ్లీ ఒకే సీట్లో కూర్చున్నారు. పొద్దున అన్ని కబుర్లు చెప్పుకున్నవాళ్లు ఇప్పుడు ఒక్క మాట లేకుండా కూర్చున్నారు. అమ్మ ఏడుస్తోందని వెనక నుంచి భుజాలు చూస్తే తెలుస్తోంది. పలాస దగ్గర పడుతుండగా నేస్తమ్మ అడిగింది.

"సెవులు మూసుకున్నావు కదా. ఇనపడిందేటి?"

"నేదు," అంది అమ్మ.

"ఇననేదు కదా?"

"ఇననేదు నేస్తం."

"అయితే మనకేటీ తప్పు నేదు," అంది నేస్తమ్మ. కొంగుతో అమ్మ మొహం తుడిచింది.

బయట వరండాలో కూర్చున్న గుమాస్తాకు కూడా వినిపించేంత గట్టిగా చెప్పిన పేరది. అమ్మ విన్నది. బతికున్నన్నాళ్లూ వినలేదనే చెప్పింది. ఆ పేరు నాకు బాగా తెలుసు, ఓటర్ల జాబితాలో ఉంది, తోట పట్టాలో ఉంది, టెక్కలి ఫైల్లో ఉంది. ఇక్కడ రాద్దామని ఇందాకటి నుంచి చూస్తున్నాను. నా చెయ్యి రావడం లేదు.